పాత కంప్యూటర్‌లో ఐఆర్‌క్యూ క్లాష్: కార్డులన్నిటికీ లైన్లు సర్దే పద్ధతి

సౌండ్ కార్డు ఒక్కటే పెడితే బాగా మోగుతుంది. నెట్‌వర్క్ కార్డు ఒక్కటే పెడితే పింగ్ వస్తుంది. రెండూ కలిపి పెట్టగానే ఒకటి మూగబోతుంది, లేదా మెషిన్ మొత్తం బిగుసుకుపోతుంది. ఐఎస్ఏ (పాత రకం కార్డులు గుచ్చే) స్లాట్లున్న 486, పెంటియమ్ మెషిన్లను మళ్లీ నడిపించాలనుకునే వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. చాలామంది కార్డు పోయిందనుకుని పక్కన పడేస్తారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ కార్డుల్లో చాలావాటికి ఏ లోపమూ లేదు. రెండు కార్డులు ఒకే ఇంటరప్ట్ లైను (ఐఆర్‌క్యూ, అంటే కార్డు ప్రాసెసర్‌ని పిలిచే తీగ) మీద కూర్చున్నాయి, అంతే.

దీన్ని సర్దడానికి అదృష్టం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. పద్ధతి ఒక్కటే: కదలలేని కార్డుకి ముందు చోటు ఇవ్వాలి, ఎటైనా కదలగలిగేదాన్ని చివర్లో పెట్టాలి. ఈ వరస తప్పితే ఒకచోట సర్దింది ఇంకోచోట చెడుతుంది, రోజంతా జంపర్లు (కార్డు మీద నంబరు మార్చే చిన్న పిన్ను తొడుగులు) పీకుతూనే ఉంటారు.

ముందు, ఇది ఐఆర్‌క్యూ గొడవేనా?

డ్రైవరు లోడవుతూ కార్డు దొరికిందని చెప్పినంత మాత్రాన ఇంటరప్ట్ బాగున్నట్టు కాదు. డ్రైవరు కార్డుని వెతికేది ఐ/ఓ అడ్రసులో. అది ప్రాసెసరు కార్డుతో మాట్లాడే దారి. కార్డు తనంతట తాను ప్రాసెసర్‌ని పిలవడానికి వాడేది ఇంటరప్ట్ లైను. మొదటిది పనిచేస్తూ రెండోది మూసుకుపోయినప్పుడు కనిపించే లక్షణాలు చాలా ప్రత్యేకంగా ఉంటాయి.

సౌండ్ కార్డయితే మొదటి ముక్క మోగి ఆగిపోతుంది, లేదా అదే ముక్క గీతపడిన రికార్డులా మళ్లీ మళ్లీ మోగుతుంది. డేటాని డీఎంఏ (ప్రాసెసర్‌ని కదిలించకుండా మెమరీకీ కార్డుకీ మధ్య డేటా మోసే ఏర్పాటు) సరిగ్గానే చేరవేస్తోంది, కానీ "ఈ ముక్క అయిపోయింది, తర్వాతది ఇవ్వు" అని కార్డు పంపే కబురు ప్రోగ్రాముకి చేరడం లేదు. నెట్‌వర్క్ కార్డయితే మ్యాక్ అడ్రసు సరిగ్గా చూపిస్తుంది, ప్యాకెట్లు మాత్రం లోపలికి రావు. మౌసు అయితే మోడెమ్ డయల్ చేసేదాకా బాగుండి, డయల్ మొదలవగానే తెర మీద గడ్డకడుతుంది.

కార్డు అసలు దొరకనే లేదని వస్తే అది ఐఆర్‌క్యూ గొడవ కాకపోవచ్చు. ఐ/ఓ అడ్రసు సంగతి చూడండి, దాని గురించి కింద రాశాను.

లైను మీద జరిగేది

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఇంటెల్ 8259ఏ అనే కంట్రోలర్ చిప్ ఒకటే ఉండేది. దానికి 0 నుంచి 7 వరకు ఎనిమిది లైన్లు. 1984లో వచ్చిన పీసీ/ఏటీలో రెండో 8259ఏ చేర్చి, దాన్ని మొదటి చిప్‌లోని 2వ లైనుకి తగిలించారు. అందువల్ల పరికరాలకి మిగిలేవి 15 లైన్లు. 2వ లైను ఆ లింకుకే పోయింది కాబట్టి స్లాటులో 2 ఉండాల్సిన పిన్నుని 9కి కలిపారు. పాత కార్డు మీద జంపర్ 2 అని ఉంటే విండోస్‌లో అది 9గా కనిపిస్తుంది. రెండూ ఒకటే. ఒక కార్డుని 2లో, ఇంకోదాన్ని 9లో పెట్టి విడదీశామనుకుంటే పొరపాటు.

ఐఎస్ఏ స్లాటులో ఇంటరప్ట్‌ని గుర్తించేది లైను వోల్టేజి కింద నుంచి పైకి లేచే క్షణంలో. మామూలు ఐఎస్ఏ కార్డు తనకి పనిలేనప్పుడు కూడా లైనుని వదిలేయదు, కిందికే పట్టి ఉంచుతుంది. అదే లైను మీద ఉన్న రెండో కార్డు పైకి లేపాలని చూస్తే ఒకే తాడుని ఇద్దరు చెరోవైపు లాగినట్టవుతుంది. వోల్టేజి సరిగ్గా పైకి లేవదు, కంట్రోలర్‌కి పిలుపు అందదు. ఐఎస్ఏ కార్డులు లైను పంచుకోలేకపోవడానికి కారణం ఇదే. ఐఎస్ఏ తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్లు అలా కాదు. అందులో లైను కింద ఉన్నంతసేపూ పిలుపు ఉన్నట్టే లెక్క, పనిలేని కార్డు లైనుని పూర్తిగా వదిలేస్తుంది. అందుకే రెండు పీసీఐ కార్డులు ఒకే ఐఆర్‌క్యూలో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఒక పీసీఐ, ఒక ఐఎస్ఏ ఒకే నంబరులో ఉంటేనే ప్రమాదం.

మోడెమ్ డయల్ చేస్తేనే మౌసు ఎందుకు ఆగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. సీరియల్ పోర్టులో ఇంటరప్ట్ బయటికి వెళ్లే దారిలో ఒక గేటు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పోర్టుని తెరిచేదాకా ఆ గేటు మూసే ఉంటుంది కాబట్టి కార్డు లైనుని ముట్టుకోదు. కామ్1 (మొదటి సీరియల్ పోర్టు) మీద మౌసు, కామ్3 (మూడోది) మీద మోడెమ్ ఉంటే రెండింటికీ మామూలుగా లైను 4. మోడెమ్ తెరుచుకున్న క్షణమే గొడవ మొదలవుతుంది.

కాగితం మీద లెక్క

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని 0 నుంచి 15 దాకా రాయండి. ఏటీ తరం మెషిన్లలో మామూలు కేటాయింపు ఇది:

0 – టైమర్
1 – కీబోర్డు
2 – రెండో కంట్రోలర్ లింకు
3 – కామ్2, కామ్4
4 – కామ్1, కామ్3
5 – రెండో ప్రింటర్ పోర్టు (అది లేకపోతే సౌండ్ కార్డు)
6 – ఫ్లాపీ
7 – మొదటి ప్రింటర్ పోర్టు
8 – గడియారం చిప్
9, 10, 11 – ఖాళీ
12 – పీఎస్/2 మౌసు
13 – మ్యాథ్ కోప్రాసెసర్
14 – మొదటి ఐడీఈ (హార్డ్ డిస్కు, సీడీ డ్రైవు తగిలించే పోర్టు)
15 – రెండో ఐడీఈ

0, 1, 2, 6, 8, 13, 14 జోలికి వెళ్లొద్దు. మనకి ఆడుకోవడానికి మిగిలేవి 3, 4, 5, 7, 9, 10, 11, కొన్ని మెషిన్లలో 12, 15.

ఇప్పుడు ప్రతి కార్డు పక్కనా అది ఏయే నంబర్లు పట్టుకోగలదో రాయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు గానీ సగం పని ఇదే. కార్డు అంచున ఉన్న బంగారు పళ్లని చూడండి. పళ్ల వరస ఒక్కటే ఉంటే అది 8 బిట్ కార్డు. దానికి 2 (అంటే 9), 3, 4, 5, 6, 7 లైన్లే అందుతాయి. 10, 11, 12, 14, 15 లైన్లు స్లాటులోని రెండో, పొట్టి భాగంలో ఉంటాయి. కాబట్టి 8 బిట్ మోడెమ్‌ని 10కి పంపడం ఎంత తన్నుకున్నా కుదరదు. రెండు వరసలూ ఉన్న 16 బిట్ కార్డే పైకి వెళ్లగలదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పాత సరుకులో దొరికిన కార్డుకి మాన్యువల్ ఉండదు. అయినా బోర్డు మీద జంపర్ల పక్కన ఐఆర్‌క్యూ3, ఐఆర్‌క్యూ4 అని తెల్ల అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది చాలాసార్లు. జంపర్లే లేకపోతే ఆ కార్డుని సాఫ్ట్‌వేర్ నడిపిస్తుందని అర్థం. పెద్ద చిప్ మీద నంబరు రాసుకోండి, సెటప్ ప్రోగ్రామ్ వెతకడానికి అదే ఆధారం.

ఒక మెషిన్ తీసుకుని చేద్దాం

ఒక పెంటియమ్ మెషిన్ అనుకుందాం. కామ్1 మీద సీరియల్ మౌసు, ప్రింటర్ పోర్టు, హార్డ్ డిస్కు, సీడీ డ్రైవు, పీసీఐ వీజీఏ కార్డు ఉన్నాయి. ఐఎస్ఏ స్లాట్లలో మూడు కార్డులు: 8 బిట్ మోడెమ్, జంపర్లున్న పాత తరం సౌండ్ బ్లాస్టర్ 16, రియల్‌టెక్ 8019ఏఎస్ చిప్‌తో ఎన్ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డు. విండోస్ 98, దాని కింద డాస్.

మోడెమ్ కామ్3లో, లైను 4 మీద ఉంది. అక్కడ మౌసు ఉంది. నెట్‌వర్క్ కార్డు 3 మీద ఉంది. ఆ లైను బోర్డు మీది కామ్2ది. సౌండ్ కార్డు 5 మీద ఉంది.

మొండిది ఏది? మౌసు 4 దాటి రాదు. సౌండ్ కార్డు 2, 5, 7, 10లలో ఎక్కడైనా ఉండగలదు, కానీ పాత డాస్ ఆటలు కొన్ని 5 లేదా 7 తప్ప ఒప్పుకోవు. దాన్ని 5లోనే ఉంచుదాం. మోడెమ్‌కి కింది లైన్లే దిక్కు. 7 ప్రింటర్‌ది కాబట్టి మిగిలింది 3. నెట్‌వర్క్ కార్డు 16 బిట్, 10కీ 11కీ హాయిగా వెళ్లగలదు. అంటే ఇంట్లో మారాల్సింది ఇద్దరే: మోడెమ్ కామ్2గా 3కి, నెట్‌వర్క్ కార్డు 10కి. మోడెమ్ కామ్2 అవ్వాలంటే బోర్డు మీది రెండో సీరియల్ పోర్టుని బయోస్‌లో (మెషిన్ ఆన్ కాగానే నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) డిసేబుల్ చేయాలి.

ఈ నిర్ణయాలన్నీ కేబినెట్ తెరవకముందే కాగితం మీద అయిపోయాయి చూడండి.

ఇప్పుడు కేబినెట్ తెరవండి

గోడ నుంచి ప్లగ్ పీకేయండి. చట్రం ఇనుము ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకుని మొదలుపెట్టండి. వీజీఏ తప్ప మిగతా కార్డులన్నీ తీసేయండి. తీసిన కార్డులు, కేబుళ్లు ఎక్కడివో రాసుకోండి.

బయోస్‌లోకి వెళ్లి రెండో సీరియల్ పోర్టు డిసేబుల్ చేయండి. అవార్డ్ బయోస్ అయితే పీఎన్‌పీ/పీసీఐ కాన్ఫిగరేషన్ పేజీలో (పీఎన్‌పీ అంటే ప్లగ్ అండ్ ప్లే, నంబర్లు వాటంతట అవే కేటాయించుకునే పద్ధతి) ఒక్కో ఐఆర్‌క్యూ ఎదురుగా "లెగసీ ఐఎస్ఏ" లేదా "పీసీఐ/ఐఎస్ఏ పీఎన్‌పీ" అని ఎంచుకునే వీలుంటుంది. జంపర్లతో నడిచే కార్డులు తామున్నామని బయోస్‌కి చెప్పలేవు. మనమే చెప్పాలి. ఈ మెషిన్‌లో 3, 5, 10 మూడింటినీ లెగసీ ఐఎస్ఏకి మార్చండి. అలా చేయకపోతే ఏదో ఒక బూట్‌లో బయోస్ 10ని తీసుకెళ్లి పీసీఐ కార్డుకి ఇచ్చేస్తుంది, నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవదు.

అదే పేజీలో "పీఎన్‌పీ ఓఎస్ ఇన్‌స్టాల్డ్" అనే దానికి నో పెట్టడమే నా సలహా. యెస్ పెడితే బూట్‌కి అవసరంలేని పీఎన్‌పీ కార్డులను బయోస్ విండోస్‌కి వదిలేస్తుంది. డాస్‌లో వాటిని లేపేవాళ్లు ఉండరు. మార్పులన్నీ అయ్యాక "రీసెట్ కాన్ఫిగరేషన్ డేటా" ఒకసారి ఎనేబుల్ చేసి సేవ్ చేయండి. పాత కేటాయింపుల జాబితా చెరిగిపోయి కొత్తగా లెక్క మొదలవుతుంది.

బూట్ అయ్యేటప్పుడు పీసీఐ పరికరాల జాబితా తెర మీద క్షణకాలం వచ్చి పోతుంది. పాజ్ కీ నొక్కితే ఆగుతుంది. ఏది ఏ ఐఆర్‌క్యూలో పడిందో కాగితం మీదికి ఎక్కించండి.

ఒక్కో కార్డూ, డాస్‌లోనే

విండోస్‌లోకి వెళ్లే ముందు డాస్‌లో పరీక్షించడం నాకు అన్నిటికంటే నమ్మకమైన దారి. అక్కడ మధ్యలో దూరి నంబర్లు మార్చేది ఏదీ ఉండదు. ముందు మోడెమ్ పెట్టండి. తర్వాత సౌండ్ కార్డు, చివర్లో నెట్‌వర్క్ కార్డు. ప్రతి కార్డూ పెట్టాక దాని సొంత టెస్ట్ ప్రోగ్రామ్ నడిపి, నెగ్గాకే తర్వాతి కార్డు ముట్టుకోండి. మూడూ ఒకేసారి గుచ్చి చూస్తే తప్పు ఎక్కడుందో మళ్లీ మొదటికొస్తుంది.

సౌండ్ బ్లాస్టర్ 16కి క్రియేటివ్ ఇచ్చిన డయాగ్నోజ్ ప్రోగ్రామ్ ఉంది. ఈ తరం కార్డులో అడ్రసుకి జంపర్ ఉంటుంది, ఐఆర్‌క్యూ, డీఎంఏలను సాఫ్ట్‌వేరే పెడుతుంది. ఆటోఎగ్జెక్ ఫైల్‌లో (డాస్ మొదలవగానే చదివే ఆదేశాల ఫైల్) బ్లాస్టర్ అని ఉన్న వరస కూడా సరిచూడండి: ఏ220 ఐ5 డీ1 హెచ్5 టీ6. ఏ తర్వాతది అడ్రసు, ఐ తర్వాతది ఐఆర్‌క్యూ, డీ, హెచ్ తర్వాతవి డీఎంఏ చానెళ్లు. కార్డుని మార్చి ఈ వరస మార్చకపోతే ఆటలు పాత నంబరులోనే వెతుకుతాయి.

నెట్‌వర్క్ కార్డుకి రియల్‌టెక్ ఆర్‌సెట్8019 ప్రోగ్రామ్‌తో జంపర్‌లెస్ మోడ్ ఎంచుకుని, అడ్రసు 300, ఐఆర్‌క్యూ 10 పెట్టి సేవ్ చేయండి. ఆ విలువ కార్డు మీది చిన్న మెమరీ చిప్‌లో నిలిచిపోతుంది. త్రీకామ్ 3సీ509బీ లాంటి కార్డుకీ ఇలాంటి సొంత సెటప్ ప్రోగ్రామే ఉంది, అందులో పీఎన్‌పీని ఆపేసి నంబరుని స్థిరంగా పెట్టుకోవచ్చు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్‌డీ ప్రోగ్రామ్ డాస్ 6లో ఉంటుంది, ఐఆర్‌క్యూల జాబితా చూపిస్తుంది. దాన్ని పూర్తిగా నమ్మొద్దు. డ్రైవరు లోడవని కార్డు దానికి కనిపించదు, ఆ లైను ఖాళీ అనే చెబుతుంది.

దానికంటే లోతుగా చూడాలంటే డీబగ్ ఉంది. డాస్‌లో డీబగ్ అని కొట్టి, గీత కనిపించాక ఐ 21 అని కొట్టండి. మొదటి కంట్రోలర్‌లో ఏయే లైన్లు తెరిచి ఉన్నాయో ఒక హెక్సా (16 అంకెల లెక్క) సంఖ్యగా వస్తుంది. మౌసు డ్రైవరు లేనప్పుడు చాలా మెషిన్లలో బీ8 వస్తుంది. బైనరీలో అది 10111000. కుడి చివర నుంచి 0, 1, 2 అని లెక్కపెట్టండి. సున్నా ఉన్నచోట లైను తెరిచి ఉంది, ఒకటి ఉన్నచోట మూసి ఉంది. అంటే టైమర్, కీబోర్డు, లింకు, ఫ్లాపీ తెరిచి ఉన్నాయి. కామ్1 మౌసు డ్రైవరు లోడ్ చేసి మళ్లీ చూస్తే అదే ఏ8 అవుతుంది, 10101000. 4వ లైను తెరుచుకుంది. 8 నుంచి 15 దాకా చూడాలంటే ఐ ఏ1. బయటికి రావడానికి క్యూ. ఏ కార్డు ఆ లైను మీద కూర్చుందో ఇది చెప్పదు, ఏ లైనుని సాఫ్ట్‌వేర్ తెరిచిందో చెబుతుంది. నెట్‌వర్క్ డ్రైవరు 10 మీద నడుస్తున్నానంటూ ఏ1లో ఆ బిట్ ఇంకా 1గానే ఉంటే లోపం కార్డులో కాదు, డ్రైవరు సెట్టింగులో ఉంది.

విండోస్ 98లో

డాస్‌లో మూడూ నెగ్గాక విండోస్ తెరవండి. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్, అందులో డివైస్ మేనేజర్. జాబితాలో అన్నిటికంటే పైనున్న కంప్యూటర్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఐఆర్‌క్యూలన్నీ వరసగా కనిపిస్తాయి. కాగితంతో పోల్చండి. పసుపు గుర్తున్న పరికరం ప్రాపర్టీస్‌లో రిసోర్సెస్ పేజీకి వెళ్లి ఆటోమేటిక్ సెట్టింగ్స్ టిక్ తీసేస్తే నంబరు చేత్తో మార్చవచ్చు.

ఇక్కడ జాగ్రత్త. జంపర్ కార్డుకి విండోస్‌లో నంబరు మార్చినా కార్డు మీద నంబరు మారదు. కార్డు నిజంగా ఎక్కడుందో విండోస్‌కి తెలియజేయడానికే ఆ పెట్టె. రెండూ ఒకటిగా ఉండాలి.

"ఐఆర్‌క్యూ హోల్డర్ ఫర్ పీసీఐ స్టీరింగ్" అనే పేరు వీజీఏ కార్డు ఉన్న నంబరులోనే ఇంకోసారి కనిపిస్తే చాలామంది టెన్షన్ పడతారు. అది గొడవ కాదు, ఆ లైనుని పీసీఐ కోసం విండోస్ పట్టి ఉంచిందని అర్థం. తీసేసిన పాత కార్డుల దయ్యాలు మాత్రం నిజంగా ఇబ్బందే. సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే ఒకే కార్డు రెండు మూడుసార్లు కనిపించవచ్చు. ఆ కార్డు పేరున్నవన్నీ రిమూవ్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ ఒక్కటే వస్తుంది.

లైన్లు చాలకపోతే

ప్రింటర్ వాడకపోతే బయోస్‌లో ఆ పోర్టు ఆపేయండి, 7 చేతికొస్తుంది. పీఎస్/2 మౌసు లేకపోతే 12. సీడీ డ్రైవుని హార్డ్ డిస్కు కేబుల్ మీదే స్లేవ్‌గా పెట్టి రెండో ఐడీఈ ఆపేస్తే 15. యూఎస్‌బీ ఎటూ వాడని డాస్ మెషిన్‌లో దానికి ఐఆర్‌క్యూ ఇవ్వొద్దని బయోస్‌లోనే చెప్పొచ్చు.

రెండు పీసీఐ కార్డులు పంచుకోవడం కుదరక మొరాయిస్తే స్లాటు మార్చి చూడండి. ప్రతి స్లాటుకీ ఇంటరప్ట్ తీగలు వేరే క్రమంలో తగిలించి ఉంటాయి, కాబట్టి పక్క స్లాటులోకి మారితే నంబరు మారవచ్చు. ఏజీపీ (వీడియో కార్డు కోసం ప్రత్యేక స్లాటు) ఉన్న చాలా బోర్డుల్లో దాని పక్కనే ఉన్న మొదటి పీసీఐ స్లాటు దానితో లైను పంచుకుంటుంది. ఆ స్లాటు ఖాళీగా వదిలేయడం మంచిది.

ఐఆర్‌క్యూ కానప్పుడు

నంబర్లన్నీ విడిగా ఉన్నా గొడవ తగ్గకపోతే అడ్రసులు చూడండి. ఎన్ఈ2000 కార్డు 32 అడ్రసులు (హెక్సాలో 20) తీసుకుంటుంది. 300లో పెడితే 31ఎఫ్ దాకా దానివే. ఖాళీగా ఉంది కదా అని 360లో పెడితే 37ఎఫ్ దాకా వెళ్తుంది, 378లో ఉన్న ప్రింటర్ పోర్టు మీద పడుతుంది. సౌండ్ కార్డు 220తో పాటు 330, 388 కూడా వాడుతుందని మర్చిపోకండి.

డీఎంఏ కూడా అంతే. ఫ్లాపీది 2. సౌండ్ కార్డు మామూలుగా 1. ప్రింటర్ పోర్టుని ఈసీపీ మోడ్‌లో పెట్టి దానికీ డీఎంఏ 1 ఇస్తే శబ్దం తెగిపోతూ వస్తుంది. ఈసీపీకి 3 ఇవ్వండి.

అదే మెషిన్‌లో లైనక్స్ ఉంటే ప్రాక్ కింద ఇంటరప్ట్స్ అనే ఫైల్ చూడండి. ప్రతి లైను పక్కనా ఇప్పటిదాకా ఎన్ని పిలుపులు అందాయో అంకె ఉంటుంది. పింగ్ నడుపుతూ రెండుసార్లు చదివితే 10 ఎదురుగా అంకె పెరగాలి. పెరగకుండా అక్కడే ఉంటే పిలుపు అందడం లేదు. అనుమానానికి తావు లేకుండా తేల్చే పరీక్ష నాకు తెలిసి ఇదే.

అన్నీ కుదిరాక కాగితాన్ని కేబినెట్ మూత లోపలివైపు అతికించండి. బయోస్ సెట్టింగులు కూడా దాని మీదే రాయండి, ముఖ్యంగా లెగసీ ఐఎస్ఏకి కేటాయించిన నంబర్లు. ఈ వయసు బోర్డుల్లో బ్యాటరీ అయిపోవడం మామూలు. బ్యాటరీ పోతే గడియారంతో పాటు ఆ కేటాయింపులూ పోతాయి, బయోస్ మళ్లీ 10ని పీసీఐకి ఇస్తుంది. ఎన్నో నెలలు బాగా నడిచిన మెషిన్‌లో ఒకరోజు నెట్‌వర్క్ ఆగిపోయి, బూట్‌లో తేదీ కూడా తప్పు చూపిస్తుంటే కార్డుల జోలికి వెళ్లకండి. బ్యాటరీ మార్చి, కాగితం చూసి బయోస్ సెట్టింగులు మళ్లీ పెట్టండి.